వెన్నులోకి దిగని సూది

2023 వర్షాకాలం. షోలాపూర్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. మాది భవాని పేట్, తెలుగు నేతవాళ్ల పేట. మా ఇంటి వెనక షెడ్డులో ఇప్పటికీ సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, నడుస్తున్నాయి.

ఒక మధ్యాహ్నం అంబక్క అనే ఆవిడ చిన్న సీసా పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చింది. అందులో ఉన్నది మా వార్డులో ఆమె భర్త నర్సప్ప వెన్నులోంచి అప్పుడే తీసిన నీరు. మేం దాన్ని సీఎస్ఎఫ్ అంటాం. మెదడు, వెన్నుపాముల చుట్టూ ఉండే ద్రవం అది. నేను తెలుగులో మాట్లాడేసరికి ఆమె ముఖం కాస్త తేలికపడింది.

"మనోళ్ళేనా తమ్మీ? జర జల్దీ చూడు. ఆయనకు కండ్లు కనబడ్తలేవు."

"తలనొప్పి ఎప్పటిసంది అక్కా?"

"నెల దాటింది. సాంచాల చప్పుడుకు అందరికీ ఉంటదన్నరు. టవల్ నేస్తుంటే ఒక పోగు రెండు పోగుల లెక్క కనబడ్తుందంటే చష్మా పెట్టించినం. మా శేఠ్ ఏమన్నడో తెల్సా? 'రెండు టవళ్ళు కనబడుతున్నయని రెండింటి పగార్ అడుగకురా' అన్నడు. నవ్విండ్రు అందరు."

నర్సప్పకు హెచ్ఐవీ ఉంది. మాత్రలు వేసుకుంటూ బాగానే ఉండేవాడు. కొత్త షెడ్డులో చేరాక మాత్రల డబ్బా ఎవరి కంటైనా పడుతుందని మానేశాడు. అది వార్డు కాగితంలో చూశాను.

ఇండియా ఇంక్ పరీక్ష చేశాను. నీటి చుక్కలో నల్ల సిరా కలిపి మైక్రోస్కోప్ కింద పెడతాం. క్రిప్టోకాకస్ అనే ఫంగస్ చుట్టూ ఉండే పొరలోకి సిరా చొరబడదు, అందుకే నలుపులో తెల్లటి వలయాలు మెరుస్తాయి. ఎటు జరిపినా అవే కనిపించాయి. మట్టిలో, పక్షుల రెట్టలో ఉండే ఈ ఫంగస్ మామూలుగా మనల్ని ఏమీ చేయదు. ఒంట్లో రక్షణ కణాలు, అంటే సీడీ4, బాగా పడిపోయినవారిలో మెదడు పొరలకు చేరుతుంది, తలలో ఒత్తిడి పెంచి చూపు నరాలను దెబ్బతీస్తుంది. అరుదైన జబ్బే, కానీ మందు ఉంది. వెన్ను నుంచి నీరు తీసి ఒత్తిడి దించే పద్ధతీ ఉంది.

వార్డుకు ఫోన్ చేసి ఫలితం చెప్పి, ఆమెను అడిగాను. "ఇంత ఆలస్యంగా ఎందుకు తెచ్చినవ్ అక్కా?"

"ఆలస్యం నేను చేసిన్నా? ముందుగాల ఒక ప్రైవేట్ దవాఖానకు తీసుకపోతే వీపుల సూది పెట్టి నీళ్ళు తీస్తమన్నరు. రక్తం రిపోర్ట్ రాంగనే సూది లేదు, గీది లేదు. కౌంటర్ కాడ అందరు వినంగ 'ఈ బీమారీ మా కాడ చూడం, గాడీ తెచ్చుకోండి' అన్నరు. ఇగ బతుకడనుకొని ఇంటికి తీసుకపోయిన. ఇంట్ల ఉన్నప్పుడే చూపు పాయె. అప్పుడు ఈడికి తెచ్చిన."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆసుపత్రి పేరు అడిగాను. అక్కడి ల్యాబ్‌లో నా క్లాస్‌మేట్ ఒకడు ఉన్నాడు. ఫోన్ చేశాను.

"ఆ మనిషికి సీఎస్ఎఫ్ ఎందుకు తీయలేదురా?"

"మా డాక్టర్ సర్ రిస్క్ ఎందుకన్నడు యార్. మీ కాడైతే అన్నీ ఉంటయి గదా."

"మా కాడ ఏమున్నయిరా? మీ కాడ గ్లవ్స్ దొరకయా?"

"నా మీద ఎందుకు గరమైతవ్? అయినా వాడు యాడికెల్లి తెచ్చుకున్నడో..."

"అది సీఎస్ఎఫ్‌ల కనబడ్తదా?" అన్నాను.

మా డాక్టర్లు మళ్లీ మళ్లీ నీరు తీసి ఒత్తిడి దించారు, ఫంగస్ మందు ఎక్కించారు. నర్సప్ప బతికాడు. చూపు మాత్రం తిరిగి రాలేదు. ముందే ఒత్తిడి దించి ఉంటే దక్కేదేమోనని డాక్టర్ అన్నప్పుడు అంబక్క ఏడవలేదు. "మరి ఆ దవాఖానోళ్ళను ఎవరడుగుతరు?" అంది.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. హెచ్ఐవీ ఉన్నవారికి తగ్గని తలనొప్పి, వాంతులు, రెండుగా కనిపించడం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు పరీక్ష జరగాలి. వైరస్ పేరు చెప్పి వైద్యం నిరాకరించకూడదని చట్టం కూడా ఉంది. ఆ పరీక్షకు కావలసినవి స్పైనల్ నీడిల్, ఒక జత గ్లవ్స్, స్పిరిట్, మత్తుమందు, సీసా. రోగి ఎవరైనా ఇవే. ఫోన్ పెట్టేసే ముందు నా క్లాస్‌మేట్ నోరు జారి చెప్పాడు: నర్సప్పను పంపించేసిన పూటే, అదే డాక్టర్, హెచ్ఐవీ లేని పక్క మంచం రోగికి వెన్నులోంచి నీరు తీశాడట.