చిటికెన వేలు

పూలమ్మకు శాలువాలంటే ఒళ్లు మంట. గోదావరిఖనిలోని ఒక బొగ్గుగని కార్మికుల కాలనీలో ఆమె ఇరవై రెండేళ్లుగా అంగన్‌వాడీ ఆయా. అన్నేళ్లలో ఆమె కడిగిన ముక్కులకూ ముడ్లకూ లెక్కలేదు. అందుకు శాలువా కప్పినవాళ్లు లేరు, ఆమె అడగనూ లేదు.

ఈ ఏడు మార్చి నుంచి ప్రతి శనివారం కమ్యూనిటీ హాలు వరండాలో, జూన్‌లో బడికి పోయే పిల్లలనూ వాళ్ల తల్లులనూ కూర్చోబెట్టింది. నేర్పింది పెద్ద చదువులేమీ కాదు. డబ్బా మూత తీసుకోవడం, అన్నం తన చేత్తో తినడం, ఒంటేలు వస్తే చిటికెన వేలు లేపి చూపించడం. తల్లులకు ఒక్కటే చెప్పేది: "గేటు కాడ మీరు ఏడ్వొద్దు బిడ్డా. మీరు ఏడిస్తే ఆళ్లు ఏడుస్తరు."

వాళ్లలో ఆమెకు ఫికర్ పెట్టింది మమత కూతురు సహస్ర. నాలుగేళ్ల పిల్ల. నిరుడు ఒక నర్సరీలో వేస్తే, బట్టలు తడుపుకుంటోందని వారానికే ఇంటికి పంపారు. టీచరు అందరి ముందూ ముక్కు మూసుకుందట. అప్పటినుంచి ఆ పిల్ల ఒంటేలు వస్తే చెప్పదు. తడిసిపోయి మూలన నిలబడుతుంది.

"ఈసారి గూడ ఇంటికి పంపిస్తే ఇగ బడి దిక్కే చూడదత్తా," అంది మమత పూలమ్మతో.

మూడు నెలలు పూలమ్మ ఆ పిల్ల పక్కనే కూర్చుంది. ముందు తనే వేలు లేపేది, ఇద్దరూ కలిసి వెళ్లొచ్చేవారు. మే నెల ఆఖరి శనివారం సహస్ర తనంతట తానే వేలు లేపింది. ఆ ముచ్చట పూలమ్మ ఇంటికెళ్లి భర్త సదయ్యకు నాలుగుసార్లు చెప్పింది.

జూన్ రాగానే ఒక సేవా సంఘం దిగింది. ఈ శనివారాల కార్యక్రమం మాదే అంటూ హాల్లో సభ పెట్టారు. ఫ్లెక్సీ మీద అధ్యక్షుడు రఘుపతి మొహం బండి చక్రమంత, పిల్లల బొమ్మలు గోరంత. పది గంటలకన్నది ఆయన పన్నెండింటికి వచ్చాడు. పిల్లలను వేదిక మీద వరుసగా నిలబెట్టి, పెద్దవాళ్లు అక్షరాలు రాసిపెట్టిన పలకలు చేతికిచ్చారు. పూలమ్మకు శాలువా కప్పి ఒక మూలకు తోశారు. రఘుపతి మైకు పట్టుకుని బాల్యం గురించి మొదలుపెట్టాడు. ఎంతసేపటికీ ఆ బాల్యం ముగియలేదు.

అప్పుడు సహస్ర పలకను చంకలో పెట్టుకుని చిటికెన వేలు లేపింది. ముక్కూ మొహం తెలియని జనం ముందు లేపింది. పూలమ్మకు కళ్లు చెమర్చాయి. ఆమె కదిలేలోపే పక్కనున్న సంఘం కార్యకర్త ఆ వేలును కిందికి నొక్కాడు.

"ఫొటో తీస్తున్నరు, చెయ్యి దించు పాపా."

పిల్ల మళ్లీ లేపింది. అతను మళ్లీ నొక్కాడు.

"ఒంటేలొస్తుందంటుంది, పంపియ్యి కొడుకా," అంటూ పూలమ్మ ముందుకొచ్చింది.

"రెండు నిమిషాలాగమ్మా, సార్ మాట్లాడుతున్నడు," అని అతను అడ్డం నిలబడ్డాడు.

రెండు నిమిషాలు ఆగడం పిల్లవల్ల కాలేదు. వేదిక మీద సన్నగా తడి పారింది. రఘుపతి తెల్ల బూట్లు వెనక్కి లాక్కుని, రుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. హాల్లో ఎవరో నవ్వారు. ఆ వాసన పూలమ్మకు రోజూ ఉన్నదే. ఆ రుమాలునే ఆమె ఓర్వలేకపోయింది.

కార్యకర్తను పక్కకు నెట్టింది. మీదున్న శాలువా తీసి పిల్ల కాళ్లు తుడిచింది. దాన్ని ఆ బూట్ల దగ్గరే పడేసి, పిల్లను ఎత్తుకుని హాలు వెనక నల్లా దగ్గరికి పోయింది. మమత ఏడుస్తూ వెంట వచ్చింది.

"నేను లేపిన అవ్వా," అంది సహస్ర. "రెండుసార్లు లేపిన. ఆళ్లు చూడలే."

పూలమ్మకు అబద్ధమాడాలనిపించలేదు. "చూసిన్రు బిడ్డా," అంది.

పిల్ల తన చిటికెన వేలు చూసుకుంది. "బడిల గూడ నొక్కుతరా?"

"సోమవారం బడికి నేను గూడ వస్త," అంది పూలమ్మ, పిల్ల కాళ్ల మీద నీళ్లు పోస్తూ. "నొక్కినోళ్ల సంగతి నేను చూస్కుంట. నువ్వు మాత్రం లేపుడు బంద్ చెయ్యకు."