టైమాఫీసులో హార్మోనియం చేతులు

మొన్న ఆదివారం మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో పాటలు రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఏదో వేసుకుంటూ, "అమ్మా, దీంట్ల స్కేల్ అంటే బొమ్మ సైజు పెంచుడా, శ్రుతి మార్చుడా?" అని అడిగింది. గోదావరిఖని చౌరస్తా దగ్గర ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్ సెంటర్ నడుపుతున్న దాన్ని, ఠక్కున జవాబు చెప్పాల్సింది. ముందు నవ్వొచ్చింది. ఎందుకంటే ఈ మాట మీద నాతో మొట్టమొదట పేచీ పెట్టుకున్నవాడు మా కాక, అంటే మా నాయన తమ్ముడు. నా సెంటర్‌లో అందరికంటే పెద్ద వయసు విద్యార్థి, అందరికంటే మొండి విద్యార్థి కూడా ఆయనే.

మా కాకది బొగ్గు బాయిలో టబ్బులు నెట్టే పని. బొగ్గు నింపిన ఇనుప తొట్లను భూమి లోపల పట్టాల మీద నెట్టుకుంటూ పోవాలి. అదే మనిషి శనివారం సాయంత్రం తెల్ల బనియన్ మీద కండువా వేసుకుని కాలనీ భజన మందిరంలో హార్మోనియం ముందు కూర్చునేవాడు. ఎంత తోమినా గోళ్ల సందుల్లో బొగ్గు పోయేది కాదు. ఆ నల్లని గోళ్లు తెల్లని మెట్ల మీద పరుగెత్తుతుంటే చిన్నప్పుడు నేను పాట వినడం మానేసి వేళ్లనే చూసేదాన్ని. కొంచెం గర్వం కూడా ఉండేదాయనకు. పక్క కాలనీ భజన వాళ్లు పిలవడానికి వస్తే, పోవాలని మనసులో ఎంత ఉన్నా, రెండు మూడుసార్లు బతిమాలించుకుని గాని లేచేవాడు కాదు. ఈలోగా కాక భార్య, మా చిన్నమ్మ, ఆయన చొక్కా ఇస్త్రీ చేసి సిద్ధంగా పెట్టేది.

ఒకనాడు టబ్బు పట్టాలు తప్పి ఆయన మోకాలికి తగిలింది. దవాఖానలో చాలా రోజులు ఉన్నాక, ఇక బాయి దిగవద్దు, పైన ఏదైనా పని చేసుకోమన్నారు. అప్పుడప్పుడే టైమాఫీసులో, అంటే హాజరు వేసే చోట, రిజిస్టర్లు పోయి కంప్యూటర్లు వస్తున్నాయి. అక్కడ ఖాళీ ఉంది, కానీ పరీక్ష పెడతారు. కార్మికుల నంబర్లు, షిఫ్టులు ఉన్న హాజరు కాగితం అరగంటలో తప్పు లేకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఎక్కిస్తే కుర్చీ పని. లేకపోతే ఆఫీసర్ల బంగళాల దగ్గర గడ్డి కోసే పని. గడ్డి కోయాలంటే మోకాళ్లు ముడిచి కూర్చోవాలి, ఆయన మోకాలు వంగదు. హార్మోనియం కూడా అప్పటికే కుర్చీలో కూర్చుని, పెట్టెను స్టూలు మీద పెట్టి వాయిస్తున్నాడు. ఆ ఇంట్లో అందరి భయం ఒక్కటే, పరీక్ష తప్పితే ఎట్లా అని. ఆ భయాన్ని పట్టుకుని కాక నా సెంటర్‌కు వచ్చాడు.

"బిడ్డా, గీ పెట్టె కూడ మెట్ల పెట్టెనే గదా. నాకేం ఫికర్ లేదు" అన్నాడు మొదటి రోజు.

ఫికర్ నాకు పట్టుకుంది. హార్మోనియం మెట్టును ఎంతసేపు నొక్కితే స్వరం అంతసేపు పలుకుతుంది. ఆ అలవాటుతో ఆయన ఏడు అంకె మీద నిండుగా, భక్తిగా వేలు ఆనించేవాడు. తెర మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఏడులే. ఒక్క కార్మికుడి నంబరుకు రెండు వరుసలు పట్టేవి. దానికి తోడు ఎడమ చెయ్యి. ముప్పై ఏళ్లుగా హార్మోనియం గాలి తిత్తి ఆడించిన చెయ్యి కదా, కుడి చెయ్యి మెట్ల మీద పడగానే అది గాలిలో ముందుకూ వెనక్కూ ఊగేది. పక్కనున్న పిల్లలు నోళ్లకు చేతులు అడ్డం పెట్టుకునేవారు.

పైగా మాటల దగ్గర తగువు. నేను పాఠంలో ఏ మాట చెప్పినా అది మొదట తమదేనని కాక వాదించేవాడు. కీబోర్డు అంటే ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర చూశానన్నాడు. స్కేల్ అంటే శ్రుతే తప్ప బొమ్మ సాగదీయడం కాదన్నాడు. ఒక మనిషి వివరాలున్న వరుసను రికార్డు అంటారని చెబితే, "పాటల ప్లేటును రికార్డన్నరు, సరే. మనిషిని గూడ రికార్డంటే ఎట్ల బిడ్డా?" అని నొచ్చుకున్నాడు. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూప్ గురించి పిల్లలకు చెబుతూ, ఆగకుండా తిరిగితే ప్రోగ్రాం చెడిపోయినట్టే అన్నాను. వెనక నుంచి ఆయన గొంతు వినిపించింది. "మేం పల్లవి పదిసార్లు తిప్పితే జనం చప్పట్లు గొడ్తరు. మీ దాంట్ల తిప్పితే ఖరాబైందంటరా?" క్లాసంతా ఘొల్లుమంది.

నాకు ఓపిక తక్కువ. పరీక్ష వారం రోజుల్లోకి వచ్చిన నాడు అందరి ముందే, "కాకా, ఇది భజన గాదు. ఆ చెయ్యి ఊపుడు ఆపు" అని కసిరాను. ఆయన ఎడమ చెయ్యిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. కుడి చెయ్యి కూడా ఆగిపోయింది. ఒక్క అంకె పడలేదు. నా నోటిని నేనే తిట్టుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ శనివారం మందిరానికి పోయి, చాలా ఏళ్ల తర్వాత మళ్లీ ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను. కాక మెట్ల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూపంతా పాడేవాళ్ల మొహాల మీదే. చివర్లో వేగం పెరిగినప్పుడు మెట్టును తాకీ తాకగానే వేలు లేపేస్తున్నాడు. ఎడమ చెయ్యి తిత్తి దగ్గర తన పని తాను చేసుకుంటోంది.

తెల్లారి సెంటర్‌లో, కీబోర్డులో అంకెలన్నీ ఒకచోట ఉండే కుడి పక్క మెట్ల మీద ఆయన కుడి చెయ్యి పెట్టించాను. ఎడమ చేతికి హాజరు కాగితం అప్పగించాను. ఒక్కో నంబరు కాగానే కాగితాన్ని ఒక వరుస పైకి జరపడమే దాని పని. "కాకా, పాడేటోళ్ల మొహం లెక్క కాగితం దిక్కే చూడు. చివరి ఉరుకులాట లెక్క వాయించు" అన్నాను.

"గిది ముందే చెప్పద్దా?" అన్నాడు.

పరీక్ష నాడు నా స్కూటర్ మీదే తీసుకుపోయి కిటికీ బయట నిలబడ్డాను. లోపల మిగతా వాళ్లంతా కాగితం ఒకసారి, మెట్లు ఒకసారి, తెర ఒకసారి చూస్తూ, ఏ వరుసలో ఉన్నారో మరిచిపోయి వెతుక్కుంటున్నారు. కాక తల కదలలేదు. కుడి చెయ్యి పరుగెత్తుతోంది, ఎడమ చెయ్యి కాగితాన్ని జరుపుతోంది, పెదాలు ఏదో పల్లవి పాడుకుంటున్నాయి. అరగంట కాకముందే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆఫీసరు వచ్చి ఒక్కో నంబరూ సరిచూశాడు. తప్పు దొరకలేదు.

"ఎక్కడ నేర్చుకున్నవయ్యా?" అని అడిగాడు.

కాక కిటికీ వైపు చూపించాడు. "మా అన్న బిడ్డ నేర్పింది సార్."

అంత గర్వం నాకు నా సర్టిఫికెట్లు చేతికొచ్చినప్పుడు కూడా కలగలేదు. అక్కడే, అందరూ చూస్తుండగానే ఏడ్చాను. అయినా ఆ మాట సగమే నిజం. మేమంతా దాన్ని అరగంట పరీక్ష అనుకున్నాం గాని, కాక దానికి ముప్పై ఏళ్లుగా తయారవుతూనే ఉన్నాడు.