రేవులో నాగులమ్మ గొంతు

ఊరికే వచ్చిందంటే అది గవర్నమెంటుదే అయి ఉండాలని మన జనానికి గట్టి నమ్మకం. అందుకే హజరత్తయ్యను చాలామంది ఏదో ఆఫీసులో కుర్చీ వేసుక్కూర్చున్న ఉద్యోగి అనుకునేవారు. ఫోన్ చేసి, "మీ పై ఆఫీసరు నంబరియ్యి, చెప్తా నీ సంగతి" అని దబాయించినవాళ్ళూ ఉన్నారు. తన పై ఆఫీసరు అమ్మేనని, ఆమె పెరట్లో చేపలు తోముతోందని ఆయన చెప్పలేదు. నవ్వి ఊరుకునేవాడు.

తోటపల్లి గూడూరు మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న చిన్న పల్లె ఆయనది. తండ్రి, తాత పడవ మీద బతికినవాళ్ళు. ఈయన మాత్రం నెల్లూరులో కంప్యూటరు నేర్చుకుని, రొయ్యల మేత అమ్మే కంపెనీలో ప్రోగ్రాములు రాసే పనిలో కుదిరాడు. ‘రేవు’ అనే యాప్‌ను సెలవు రోజుల్లో సొంతంగా తయారుచేశాడు. అది వాతావరణ శాఖ రోజూ ఇచ్చే సముద్రపు హెచ్చరికలను అందుకుని, ఫోన్‌లో తెలుగులో వినిపిస్తుంది. చదువురానివాళ్ళకు కూడా అందాలన్నది ఆయన తాపత్రయం. డబ్బు తీసుకోలేదు, ప్రకటనలు పెట్టలేదు. లోపలి ప్రోగ్రాము మొత్తం నెట్‌లో బాహాటంగా పెట్టేశాడు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, బాగుచేసి తిరిగి పంపవచ్చు. అలా బాగుచేసి పంపినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తిట్టినవాళ్ళకు లెక్కే లేదు.

అప్పట్లో తెలుగు చదివే కంప్యూటరు గొంతులు వినబుద్ధయ్యేవి కావు. అందుకని అమ్మ నాగులమ్మను కూర్చోబెట్టాడు. ఫ్యాను ఆపి, తలుపులు మూసి, దిక్కులు, అంకెలు, అలల ఎత్తు, ఒక్కో మాటా ఆమె చేత చెప్పించి రికార్డు చేశాడు. ఆ ముక్కలను అతికి ప్రోగ్రాము వాక్యం చేసేది. నాగులమ్మ ఉక్కపోతకు కొంగుతో విసురుకుంటూ, "ఇన్ని మాట్లు చెప్పించుకుంటుండావే, మీ నాయన కూడా నా మాట ఇంత శ్రద్ధగా ఇన్లా" అనేది. ఆ మధ్యాహ్నాలను తలుచుకుంటే హజరత్తయ్యకు ఇప్పటికీ మనసు నిండిపోతుంది. అమ్మ దగ్గర అంతంతసేపు కూర్చున్న రోజులు మళ్ళీ రాలేదు.

ఒక్కచోట మాత్రం ఆమె మొండికేసింది. తుఫాను అన్న మాట పలకనంది.

"మన మగోళ్ళు నీళ్ళ మీద ఉండంగా ఆ మాట నా నోట రాదు. గంగమ్మ కోపంగా ఉండాది, పడవ దించబాకండి అంటా. అర్థం కానోడెవుడు?"

గాలి వేగం కూడా గంటకు యాభై కిలోమీటర్లు దాటి చెప్పలేదు. అంతకు మించి కొడితే సముద్రంలోకి పోయేదెవరని ఆమె వాదన. హజరత్తయ్య సరేనన్నాడు. గాలి యాభై దాటిన రోజున రేవు ఆ కోపం మాట ఒక్కటే చెప్పేది.

జనం రేవును వాడుకున్నారు, వాడుకుంటూనే తిట్టారు. "ఆగ్నేయం అన్నప్పుడల్లా ఎనకాల కోడి అరస్తాండాది, దాన్ని కోసుకు తినరాదా" అని ఒకాయన. దచ్చిణం కాదు, దక్షిణం అనిపించమని ఒక మాస్టారు. పాత ఫోన్‌లో రావడం లేదని ఒకరు, కొత్త ఫోన్‌లో ఆగిపోతోందని ఇంకొకరు. పెళ్ళి భోజనాల బంతిలో కూడా ఆయన ఫోన్ మోగేది. అప్పుడు విసుక్కున్నాడు గానీ, ఆ తిట్లు ఇప్పుడు తీపిగానే గుర్తొస్తాయి. పరాయివాణ్ణి ఎవరూ అంత చనువుగా తిట్టరు.

మూడేళ్ళ కిందట నాగులమ్మ పోయింది. రేవు మాత్రం రోజూ తెల్లవారుతూనే ఆమె గొంతుతో మాట్లాడేది. ఆమె లేదన్న సంగతి హజరత్తయ్య రేవులో ఎక్కడా పెట్టలేదు. పెట్టడానికి చెయ్యి రాలేదు.

మొన్న కార్తీకంలో గాలి లేచింది. పులికాట్ వైపు కొన్ని పడవలు అప్పటికే సముద్రంలో ఉన్నాయి. గంగమ్మ కోపంగా ఉందని రేవు చెప్పింది. గాలి ఎంతో, ఏ వేళకు తాకుతుందో చెప్పడానికి దాని దగ్గర మాటలు లేవు. మామూలు కోపమేననుకుని వాళ్ళు వలలు లాగేదాకా ఆగారు. మనుషులు ఎలాగో ఒడ్డున పడ్డారు, ఒక పడవ పోయింది. మర్నాడు ఆ పడవ గల కామాక్షయ్య ఫోన్ చేశాడు.

"ఎంత గాలో చెప్పకుండా కోపం కోపం అంటే మేమేం జేసేది అబ్బయా? తెలిసుంటే అప్పుడే తిరుక్కునేవాళ్ళం."

ఈసారి హజరత్తయ్యకు నవ్వు రాలేదు.

ఈ సంగతి తెలిసి చిల్లకూరు నుంచి ఉష అనే అమ్మాయి, ఎవరూ అడగకుండానే ప్రోగ్రాములో మార్పులు చేసి పంపింది. కింద నాలుగు మాటలు రాసింది. "కొత్త హెచ్చరికలన్నీ ఇప్పటి కంప్యూటరు గొంతుతో చేర్చానన్నా. పాత గొంతూ కొత్త గొంతూ కలిపి చూశాను, రెండూ మారిమారి వస్తుంటే పడవ ఇంజను మోతలో ఏ మాటా తెలియడం లేదు. పాత గొంతు ఎవరిదో గానీ నాకు చాలా ఇష్టం. ఆమె చేత ఇంకొన్ని మాటలు చెప్పించగలరా? కుదరకపోతే మొత్తం కొత్త గొంతే పెట్టేద్దాం."

హజరత్తయ్య ఆ మార్పును రేవులో కలపకుండా పక్కన పెట్టాడు. ఊరికే చాకిరీ చేసేవాడికి మిగిలే హక్కల్లా వద్దనడమే, దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. ఇంతలో మరో అల్పపీడనం వార్త వచ్చింది. ఆ రోజు అమ్మ మాటలన్నీ మొదటినుంచీ ఒకసారి విన్నాడు. విని, ఉష పంపిన మార్పును రేవులో కలిపేశాడు. అమ్మను రెండోసారి సాగనంపినట్టు ఏడ్చాడు. రికార్డు చేసిన ముక్కలన్నీ ఆయన దగ్గర భద్రంగానే ఉన్నాయి. ఇక ఆ గొంతుతో ఎవరికీ పని లేదన్నదే ఆయన దుఃఖం.

కొత్త గొంతు గాలి ఎంతో చెప్పింది, ఏ వేళకో చెప్పింది. పడవలు ముందే తిరుక్కున్నాయి. బాగుందని ఒక్కరూ ఫోన్ చేయలేదు. నాలుగు రోజుల తర్వాత కామాక్షయ్య చేశాడు.

"ఏందబ్బయా, ఆమె ఏది? ఈ పిల్లెవరో గడగడా చదవతాండాది."

"గాలి ఎంతో చెప్తాండాది గదన్నా. మీరు అడిగిందే గదా."

"చెప్తాండాది, బాగానే ఉండాది. ఆమె ఏదని అడగతా ఉండా."

"ఆమె మా అమ్మన్నా. పోయి మూడేళ్ళయింది."

పక్కనున్నవాళ్ళతో కామాక్షయ్య ఏదో చెప్పడం, వాళ్ళు మాటలు ఆపేయడం వినిపించింది. మళ్ళీ ఫోన్‌లోకి వచ్చినప్పుడు ఆయన గొంతులో కోపం ఉంది.

"రోజూ పొద్దున్నే మాకు చెప్పి పంపించిన మనిషి. పోతే మాకు చెప్పొద్దా అబ్బయా? కర్మకైనా వచ్చేవాళ్ళం గదా."