కావలివాడి విశ్వాసం, ఇరవైకి ఆరు

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలు ఉండేవి. లోకంలో దేనికైనా ఒక అంకె వేయవచ్చునన్నది మొదటిది. నేను వేసిన అంకె తప్పు కాదన్నది రెండోది. నంద్యాలలో ఒక విత్తనాల గోదాములో తూకాలు రాసేవాణ్ణి. ఇంటర్ తప్పినవాణ్ణే గానీ, పాత పుస్తకాలు కొనుక్కుని సంభావ్యత లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. (నేర్పేవాడు లేకపోతే తప్పని చెప్పేవాడూ ఉండడు. అందులో ఒక సుఖం ఉంది.)

ఆళ్ళగడ్డలో ట్రాక్టరు సామాన్ల కొట్లో పనిచేసే మా బావ ఒకసారి హైదరాబాదు ఫుట్‌పాత్ మీద అట్ట చినిగిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాడు. బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఆడే ఆట అది. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్ళు అందులో మంత్రులో, సేనాపతులో, దొంగలో అయి "నేను ఇట్లా చేస్తా" అంటారు. అనుకున్నది జరిగిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. (ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే ఇంటికే వస్తుంది. అప్పుడు మా జిల్లాలో అలాంటిది చూసినవాడు కూడా లేడు.) అందుకని ఇరవై చింతపిక్కలను ఒకవైపు అరగదీసి, ఒకటి నుంచి ఇరవై దాకా ఇంకుతో అంకెలు రాసి, ఒక డబ్బాలో వేసి, చూడకుండా ఒకటి తీసే పద్ధతి పెట్టాను. ఒకే సైజు పిక్కలు ఏరడానికే నాకు రెండు వారాలు పట్టింది.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి ఆళ్ళగడ్డ పోయేవాణ్ణి. బావ అద్దెకున్న మేడగదిలో నేను, బావ, పక్క వీధి టైలర్ భాయ్, ముగ్గురమే. మొదటి వారం పుస్తకంలో ఉన్నట్టే నిప్పులు కక్కే డ్రాగన్‌ను తెచ్చాను. బావ ఆవులించాడు. టైలర్ భాయ్ కాజాలు కుట్టుకుంటూ కూర్చున్నాడు. రెండో వారం రాజుకు వారసుడు లేడనీ, రాజ్యంలో నాలుగు పెద్ద ఇళ్ళున్నాయనీ, ఎవరు ఎవరి పక్కనున్నారో ఎవరికీ తెలియదనీ చెప్పాను. ఇద్దరూ నిటారుగా కూర్చున్నారు. ఆ తర్వాత డ్రాగన్ ఏమైందని ఎవరూ అడగలేదు.

పుస్తకంలోని పేర్లకు బావ నోరు తిరగలేదు. నాలుగు ఇళ్ళకూ నాలుగు దిక్కుల పేర్లు పెట్టి, ఎవరికెంత ధైర్యం, ఎంత ఆశ, ఎంత విశ్వాసం అన్నది పిక్క తీసి ఒక కాగితం మీద వేశాను. ఒక ఆదివారం ఆ కాగితాన్ని మేడ మీద మరిచిపోయి నంద్యాల వచ్చేశాను. బుధవారం బావ గోదాముకు ఫోన్ చేశాడు. కాగితం గాలికి మెట్ల మీద పడి, సోమవారమే కింద ఉండే ఇంటాయనకు దొరికిందట. రాసినవాణ్ణి ఆదివారం రమ్మన్నాడట. "నాకేం తెలీదని చెప్పినా," అన్నాడు బావ. (నా లెక్కలో బావ ధైర్యం పదిహేడు. ఆ పూటే ఐదుకు దిద్దాను.)

ఆ ఇంటాయన వయసులో ఉండగా పదిమంది వెంట లేకుండా వీధిలోకి వచ్చేవాడు కాదట. ఆ తగాదాలన్నీ మహానందిలో ప్రమాణం చేసి మానేశాడని చెప్పుకునేవారు. అయినా ముసలితనంలో కూడా గోడకు వీపు ఆనించే కూర్చునేవాడు. వీధికి పడమటి వైపున, గేటు దగ్గర ఎప్పుడూ ఒక కావలాయన కూర్చుని ఉండే ఆ ఇంటిని అందరూ పడమటిల్లనే అంటారు. నేనూ అనేవాణ్ణి. ఆటలో పేరు పెట్టినప్పుడు మాత్రం ఆ సంగతి తట్టలేదు. నా కాగితంలో ఏముందో అప్పుడు గుర్తొచ్చింది. "పడమటింటి పెద్దాయన: ఆదివారం గుడికి బయలుదేరినప్పుడు. కావలివాడు: విశ్వాసం ఇరవైకి ఆరు. మనవైపు తిప్పుకోవచ్చు."

పోతే ప్రాణాలతో తిరిగి వచ్చే అవకాశం ఎంత, పోకపోతే ఎంత అని ఆ నాలుగు రోజులూ గోదాములో చీటీల వెనక లెక్కలు వేశాను. పోకపోతే మేడ మీద బావ ఉన్నాడు. ఎన్నిసార్లు వేసినా పోవలసిందేనని వచ్చింది.

ఆదివారం ఆ ఇంటి గేటు దగ్గర కావలాయన కుర్చీ ఖాళీగా ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆయన లేకుండా ఆ కుర్చీని ఎవరూ చూడలేదంటారు. లోపల పెద్దాయన గోడకు ఆనుకుని, నా కాగితం ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు.

"ఇది నీ రాతేనా?"

"నాదేనప్పా."

"ఎవురు రాయమన్న్యారు?"

డబ్బా తీసి ముందు పెట్టి, ఆట మొత్తం చెప్పాను. భయంలో డ్రాగన్ సంగతి కూడా చెప్పాను. కాసేపటికి ఒకటి కంటబడింది. ఆయన నన్ను కాదు, గేటు వైపే చూస్తున్నాడు. ఆయనకూ భయమే. సోమవారం నుంచి ఆయన గడప దాటలేదట. కావలాయనను పొమ్మంటే, ఆయన గోస్పాడు దగ్గర తన ఊరికి వెళ్ళిపోయాడట.

"ముప్పై ఏండ్లు వాని చేతి నీళ్ళు తాగినా," అన్నాడు పెద్దాయన. "నీ ఆరు చూసి పొమ్మన్న్యా. ఆ ఆరు యాడ నుంచి తెచ్చినావ్?"

"డబ్బాలో నుంచప్పా. కండ్లు మూసుకొని తీసినా."

డబ్బాను నా వైపు తోశాడు. "అయితే ఇంగోసారి తీయి. నా ముందర. వానికే."

డబ్బా ఊపాను. ముప్పై ఏళ్ళ మనిషిని వెనక్కి తేవాలంటే కనీసం పదిహేనైనా రావాలనుకున్నాను. ఇరవైలో ఆరు పిక్కలు, అంటే నూటికి ముప్పై పాళ్ళు. కళ్ళు మూసుకుని తీశాను. మూడు.

"పందొమ్మిది," అన్నాను.

పిక్కను గుప్పిట్లో దాచి డబ్బాలో వేసెయ్యబోతుంటే ఆయన చెయ్యి చాచాడు. "ఈడియ్యి." నా ప్రాణం అక్కడే పోయిందనుకున్నాను. ఆయన కళ్ళద్దాలు కిటికీలో ఉన్నాయి. చూడకుండానే పిక్కను జేబులో వేసుకున్నాడు.

"ఇరవై రాలేదా?"

"ఇరవై ఎవురికీ రాదప్పా."

"సరే. ఈ కాగితంలో ముసలోన్ని ఏం జేస్తావ్?"

"మీరు చెప్పినట్టే."

"వాన్ని మంచంలో పోనీ," అన్నాడు.

బస్సులో కూర్చున్నాక ఇంకో భయం పట్టుకుంది. ఆయన ఎప్పుడో ఒకప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుంటాడు కదా. వారమంతా గోదాములో ఫోన్ మోగితే ఉలిక్కిపడ్డాను. తర్వాతి ఆదివారం గేటు దగ్గర కుర్చీలో కావలాయన ఉన్నాడు. జేబులో పిక్కతోనే ఆ చొక్కా ఉతుక్కు పోయి, ఇంకు చెరిగిపోయి ఉంటుందిలే అని గుండె దిటవు చేసుకున్నాను. ఆటలో పడమటింటి పెద్దాయన తన మంచంలోనే, నిద్రలోనే పోయాడు. టైలర్ భాయ్ ఒప్పుకోలేదు. "ఇది మోసం భాయ్. పాలల్లో విషం నేను కలిపినా గదా," అని నెల రోజులు నాతో మాట్లాడలేదు.

కొన్నేళ్ళకు అసలు పెద్దాయన కూడా అలాగే, తన మంచంలోనే పోయాడు. చూడటానికి పోతే కావలాయన నన్ను గేటు దగ్గర ఆపి, చేతిలో ఏదో పెట్టాడు. "దినామూ కండ్లద్దాలు పెట్టుకొని దీన్ని చూసేటోడప్పా. చూసి, నా పక్క జూసి నగేటోడు. మీకే ఇయ్యమన్న్యాడు. ఏందిది?"

"ఆటలో పిక్క," అన్నాను.

చేతి రాపిడికి నున్నబడింది గానీ, నా ఇంకుతో వేసిన మూడు ఇంకా కనిపిస్తూనే ఉంది.

ఇప్పుడు ఆ డబ్బాలో మళ్ళీ ఇరవై పిక్కలు ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి లెక్కపెట్టుకుంటాను. ఆ మూడును మాత్రం పందొమ్మిదిగానే చదువుతాను. అలా చదివితే డబ్బాలో పందొమ్మిదులు రెండై, లెక్క మొత్తం తప్పుతుందని నాకు తెలుసు. తప్పనిస్తాను.