ఎక్కడికని అడగని డ్రైవరుతో హంసలదీవి దాకా

ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మన పట్టింపుల్ని కూడా వెంట తీసుకెళ్ళాలా, గుమ్మం బయటే వదిలేయాలా? డ్రైవర్లకి పనికొచ్చే వంద ఇంగ్లీషు వాక్యాలతో ఒక చిన్న పుస్తకం రాసినప్పటి నుంచీ, అంటే ఆరేళ్ళుగా, ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ పుస్తకం చదువుకుంటూ ఒక రిసార్టులో ఉద్యోగానికి తయారవుతున్న కారు డ్రైవరు బందరులో ఉన్నాడని స్నేహితురాలు చెప్పింది. అతని బండిలోనే హంసలదీవి చూసి రావాలనుకున్నాను. సముద్రం ఒక సాకు. నా వాక్యాలు ఇంకొకరి నోట ఎలా ఉంటాయో వినాలన్నదే అసలు కోరిక.

గుడివాడలో ఉదయం ఏడు దాటాక రైలెక్కితే పెడన మీదుగా గంటకి కాస్త అటూఇటూగా బందరు చేరాను. స్టేషన్ బయట ఆ డ్రైవరు, నాంచారయ్య గారు, ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉన్నారు. యాభై దాటిన మనిషి. రోజంతా తిప్పడానికి మూడు వేలు, డీజిలు ఆయనదే. చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ వంతెన మీదుగా అవనిగడ్డకి గంట పైనే పడుతుంది. అక్కడి నుంచి కోడూరు మీదుగా హంసలదీవికి ఇంకో గంట వేసుకోవాలి. బయల్దేరగానే ఆయన సంగతి చెప్పేశారు. “మధ్యాహ్నం రెండింటికి ఫోన్లో ఇంటర్వ్యూ అండి. మూడు నెలల్నుంచీ కిరాయిలు లేవు. ఇదిగాని తప్పితే బండి అమ్ముకోవాల్సిందే.”

సరే, నేను గెస్టుని, నాతో మాట్లాడండి అన్నాను. ఆయన గొంతు సవరించుకుని, “గుడ్ మార్నింగ్ మేడమ్. హౌ ఫార్ మేడమ్?” అన్నారు.

“పుస్తకంలో అలా లేదు కదండీ. మొదటి వాక్యమే అది. వేర్ ఆర్ యూ గోయింగ్?”

“చదివానండి. బయల్దేరిన మనిషిని ఎక్కడికని ఎలా అడుగుతాం? మీ ఇళ్ళల్లో అడుగుతారేంటి?”

అడగరు. మా అమ్మ కూడా ‘దూరమా?’ అనే అంటుంది, వెళ్ళే పని చెడకూడదని. ఆ సంగతి తెలిసీ ఆ వాక్యం రాశాను. రాసేటప్పుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. అయినా టీచరమ్మలాగే జవాబిచ్చాను. “ఇంగ్లీషులో తప్పు లేదండీ.”

“ఇంగ్లీషులో అడిగితే ఆ మనిషి బయల్దేరినట్టు కాదాండీ?”

నేను కిటికీ వైపు తిరిగాను.

హంసలదీవి చేరేసరికి పదకొండు. పాలకాయతిప్ప దగ్గర సముద్రం చూశాను, బూడిదరంగులో, పెద్దగా సందడి లేకుండా. కృష్ణ కలిసే చోటు ఇసుకలో ఇంకా చాలా దూరం. ఎండ ముదరక ముందే వచ్చేవాళ్ళకే అక్కడిదాకా నడవడం వీలవుతుంది, నాకు కాలేదు. ఆయన కారు నీడన కూర్చుని మిగతా తొంభై తొమ్మిది వాక్యాలూ తడబడకుండా అప్పజెప్పుకున్నారు.

ఒంటిగంటన్నరకి అవనిగడ్డలో రోడ్డు పక్క మెస్సులో ఆగాం. భోజనం నూట ఇరవై, చేపల పులుసు విడిగా. వడ్డించే ఆవిడకి ఈయన కొత్తేమీ కాదు. “ఏం బావగారూ, ఇవాళ ఇంగ్లీషులో అడిగితేనే పప్పు వేస్తా!” అంది. ఆయన నవ్వలేదు. సగం అన్నం విస్తట్లోనే ఉంది.

మేము లేచి, కారు తలుపు తీస్తుండగా ఫోన్ మోగింది. స్పీకర్లో ఒక అమ్మాయి గొంతు. పేరు, అనుభవం అడిగింది, బాగానే చెప్పారు. తర్వాత, తనని సామానుతో బయటికొచ్చిన గెస్టు అనుకుని మాట్లాడమని ఇంగ్లీషులో అంది.

“గుడ్ ఆఫ్టర్నూన్ మేడమ్. వెల్కమ్ మేడమ్. హౌ ఫార్ మేడమ్?”

“సారీ? హౌ ఫార్ వాట్?”

ఆయన నా వైపు చూశారు. సీటు మీదున్న పుస్తకం తీసి మొదటి పేజీలో ఆ వాక్యం కింద వేలు పెట్టాను. రోడ్డు మీద రెండు లారీలు వెళ్ళాయి. చివరికి, “వేర్ ఆర్ యూ గోయింగ్ మేడమ్?” అన్నారు, అక్షరం పొల్లుపోకుండా. వెరీ గుడ్ అందా అమ్మాయి. ఒకటో తారీకు నుంచి రమ్మంది.

ఫోన్ పెట్టేశాక ఆయన మెస్సులోకి తిరిగి నడిచారు. “రండి మేడంగారూ, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి బయల్దేరదాం. గుమ్మంలో ఆ మాట అన్నాను కదా.” కూర్చున్నాను. తాగాను. వడ్డించే ఆవిడ కారణం అడగకుండానే ఇంకో చెంబు తెచ్చిపెట్టింది. “ఉద్యోగంలో రోజుకి ఎన్ని గ్లాసులు తాగాలో ఏంటో!” అని అప్పుడు నవ్వారు నాంచారయ్య గారు. ఆ నవ్వులో సంతోషం ఉంది. సంతోషం ఒక్కటే ఉందని మాత్రం చెప్పలేను.

అటువైపు వెళ్ళేవాళ్ళకి ఒక సలహా. బండి మాట్లాడుకోగానే, డ్రైవరు అడగక ముందే ఊరి పేరు మీరే చెప్పండి. పుస్తకం మళ్ళీ అచ్చుకి వెళ్తోంది. మొదటి వాక్యం తీసేస్తే ఇంకొకరి ఉద్యోగం దానివల్లే తప్పిపోవచ్చు. ఉంచితే ఇంకొకరి చేత ఇష్టం లేకుండా ఆ మాట అనిపించినట్టవుతుంది. ఆ వేలు పెట్టి నేను చేసింది సాయమో, బలవంతమో కూడా తేలలేదు. ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.