మార్తమ్మ పెద్దమ్మ వేసిన ముడి

ఎదురింట్లో బాలింతకు సాంబ్రాణి పొగ వేస్తున్నారు. ఆ వాసన కిటికీలోంచి రాగానే నా కుడి చేతి వేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. కొన్నేళ్ల క్రితం ఇదే కొత్తవాడలో, ఇలాంటి పొగలోనే, నా చేతికి నేనే భయపడుతూ కూర్చున్నాను.

కాన్పు సమయంలో బీపీ పెరిగి, ఫిట్స్ వచ్చి, ఆపరేషన్ చేస్తే గానీ తల్లీబిడ్డలం బయటపడలేదు. ఇంటికొచ్చాక అసలు కథ మొదలైంది. ఉన్నట్టుండి కుడి చెయ్యి మొద్దుబారేది. కళ్ల ముందు మెరుపులు. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయేది. స్కాన్ తీసి అంతా బాగుందన్నారు. మా అత్తమ్మేమో వాతం కమ్మిందని నా చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, దాహమన్నా గుక్కెడు నీళ్లే పోసేది. ఆమెదీ ప్రేమే, అందుకే కోప్పడటానికి కూడా నోరు రాలేదు.

ఒకరోజు గడప దగ్గర కూర్చుని పాలిస్తుంటే చెయ్యి పట్టు తప్పింది. పాప ఒళ్లోంచి దొర్లింది. మా వాకిట్లో నూలు చుట్టుకుంటున్న మార్తమ్మ పెద్దమ్మ ఒక్క ఉదుటున వచ్చి అందుకుంది. పక్కింట్లో జంపఖానాలు నేసే మనిషి. చర్చిలో ఆమె పాడితే మైకు దండగని మా ఆయన ఆటపట్టించేవాడు, అంత గొంతు.

"పొల్లను ఎత్తుకోబుద్ధి గాక గిట్ల నాటకాలు జేస్తాంది," అంది అత్తమ్మ పాప ఒళ్లంతా తడుముతూ.

"నాటకమైతే మొఖం గట్ల పాలిపోతదా వదినె?" అని పెద్దమ్మ నా వైపు తిరిగింది. "ఎప్పటిసంది బిడ్డా?"

ఎప్పటి నుంచి అని అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

పెద్దమ్మ పాత చీర తెచ్చి పాపను నా గుండెకు కట్టింది. తెగిన నూలుపోగులను కలిపే ముడే వేసింది, లాగినకొద్దీ బిగుసుకునేది. "చెయ్యి ఎప్పుడు పోతదో మనకు తెల్వది. ముడి పోదు. కింద కూసోనే పాలియ్యి," అంటూ నా ఎడమ చేతికి చెంబెడు నీళ్లిచ్చింది. అత్తమ్మ చూస్తుండగానే తాగేశాను.

మర్నాడు పెద్దమ్మే నాతో దవాఖానకు వచ్చింది. డాక్టరమ్మ రిపోర్టులు తిప్పి, "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో," అంది.

పెద్దమ్మ కుర్చీలోంచి లేవలేదు. "తెల్వకపోతే తెల్వదని చెప్పుర్రి మేడమ్. లేదనకుర్రి. దీని చేతుల పసిపొల్ల ఉంటది."

ఇద్దరినీ బయటికి పొమ్మంటారేమోనని నేను లేచి నిలబడ్డాను. డాక్టరమ్మ రిపోర్టులు మళ్లీ తెరిచి, "నిజమే, నాకు తెలియడం లేదు," అని నరాల డాక్టరుకు రాసింది.

ఆయనా దానికి పేరు పెట్టలేకపోయాడు. మందులతో నెలల మీద తగ్గింది, ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలియదు. పోయినేడు పెద్దమ్మ పోయింది. అప్పుడప్పుడు నా వేళ్లు మొద్దుబారితే, రోడ్డు దాటేటప్పుడు పాప ఏమీ అడక్కుండా నా ఎడమ పక్కకు వస్తుంది.

సాయంత్రం ఎదురింటికి వెళ్లాను. వాళ్లత్త వేస్తున్న పొగలో ఆ బాలింత బిడ్డను అదుముకుని గోడకానుకుంది. "కాలు మొద్దుబారుతాందక్కా. అందరు ఏంలేదంటాండ్రు."

పక్కన కూర్చున్నాను. "ఎప్పటిసంది చెల్లె?" అన్నాను. నాది పెద్దమ్మంత గొంతు కాదు. అయినా పొగ వేస్తున్న చెయ్యి ఆగింది.