ఎర్ర కారు పొగ

శాంతిరాజ్ గోదావరిఖనిలో గని ఎలక్ట్రీషియన్. తెలంగాణ రావడానికి రెండేళ్ల ముందు, పాతదే అయినా ఇంజిన్ జోరు పెంచే టర్బో ఉన్న ఎర్ర పెట్రోలు కారు కొనుక్కున్నాడు. కొన్న నెలలోపే దాంతో వచ్చిన సైలెన్సర్ పీకించి, వెడల్పాటి స్టీలు గొట్టం వేయించాడు. పొగలోని విషాన్ని తగ్గించే కన్వర్టర్ కొత్త గొట్టంలో లేదు. అది లేకపోతే బండి ఇంకా దూకుతుందని ఎవరో చెబితే నమ్మాడు. కారు కదిలితే వీధంతా అదిరేది. ఆ చప్పుడుకు అతని ఛాతీ పొంగేది.

ఎదురింటి గట్టయ్య, శాంతిరాజ్ తండ్రి అంద్రెయతో కలిసి గనిలో పనిచేసి రిటైరైన మనిషి. బొగ్గు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఒక పొద్దున ఆయనకు ఆయాసం ఎక్కువైంది. శాంతిరాజే పరుగున వెళ్లి ఆయన్నీ, ఆయన భార్య అనసూర్యనీ కారెక్కించాడు.

దారిలో రైలు గేటు పడింది. గాలి కోసం అద్దాలు దించితే, వెనక నుంచి ఘాటు వాసన లోపలికి కమ్ముకొచ్చింది. గట్టయ్య తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ముడుచుకుపోయాడు.

"బిడ్డా, జర దించు. ఆటోల పోతం."

"గేటు ఇప్పుడే తీస్తరు కాకా."

"దించు బిడ్డా. నీ బండి వాసన నాకు పడ్తలేదు."

భార్య భుజం పట్టుకుని ఆయన దిగిపోయాడు. పక్క బండ్లవాళ్లందరూ చూశారు. బొగ్గు లారీల రోడ్డు మీద నీళ్లు చల్లించమని మొన్ననే గని ఆఫీసుకు వెళ్లినప్పుడు శాంతిరాజ్ వెంట వచ్చినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ముసలివాళ్లకు ఊపిరాడటం లేదని ఆ రోజు అందరికంటే గట్టిగా మాట్లాడింది అతనే. శాంతిరాజ్ చెవులు వేడెక్కాయి. గేటు తీశాక ఆటో వెనకే దవాఖాన దాకా వెళ్లాడు గానీ లోపలికి పోవడానికి మొహం చెల్లక తిరిగొచ్చాడు.

ఇంట్లో ఆ సంగతి చెబితే భార్య డెబోరా చేతిలో పని పక్కన పెట్టింది. అతను కారు తీసినప్పుడల్లా అనసూర్య కిటికీలు మూసుకుంటుందనీ, అంద్రెయ కొడుకని ఏమీ అనలేకపోతున్నారనీ చెప్పింది.

మర్నాడే సైలెన్సర్లు వెల్డింగ్ చేసే కొమురెల్లి దగ్గరికి వెళ్లి, కన్వర్టర్ మళ్లీ పెట్టమన్నాడు. చిన్న కారు కన్వర్టర్ పెడితే టర్బోకు పొగ బయటికి పోక ఇబ్బందవుతుందని చెప్పి, ఆ గొట్టానికి సరిపడే వెడల్పాటిది కొమురెల్లి హైదరాబాద్ నుంచి తెప్పించాడు. తొందరగా వేడెక్కి పని మొదలుపెట్టేలా దాన్ని టర్బోకు దగ్గరగా అతికించాడు. పొగ కారుతున్న అతుకులు కూడా మూశాడు.

"పికప్ జర తగ్గుతది అన్నా."

"తగ్గనియ్."

గట్టయ్య దవాఖాన నుంచి ఇంటికొచ్చాక శాంతిరాజ్ చూడబోయాడు. తప్పయిందని చెప్పాలనే వెళ్లాడు. తీరా నోరు తెరిస్తే బండి బాగు చేయించానన్న ముక్కే వచ్చింది.

"దగ్గు నీ బండి తెచ్చింది కాదు బిడ్డా, బొగ్గు బాయి తెచ్చింది," అన్నాడు గట్టయ్య. "గాడ అందరి ముంగట దిగినందుకు నాకే సిగ్గయింది."

ఆ మాటకు శాంతిరాజ్ తల ఇంకా వంగిపోయింది.

తర్వాతిసారి దవాఖానకు గట్టయ్య ఆ కారులోనే వెళ్లాడు. వాసన వస్తోందా అని దారి పొడుగునా అడగాలనుకున్నాడు శాంతిరాజ్. ధైర్యం చాలలేదు.